తాబేలుకు పెట్టిన బొట్టు

దెయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మడానికి మా ఊరు వీలివ్వదు. బేతంచెర్లలో బండల పాలిషింగు మిల్లుల పుణ్యమా అని సగం ఊరు ఎప్పుడూ తెల్లటి పొడి కప్పుకొని తిరుగుతుంది. పని దిగి వచ్చే మనిషికీ సినిమాల్లో చూపించే దెయ్యానికీ తేడా కనిపెట్టాలంటే దగ్గరికి పోయి బీడీ వాసన చూడాల్సిందే. నిజంగా ఏదైనా దెయ్యం మా వీధిలో తిరిగినా ఎవరో ఒకరు "ఏమప్పా, టీ తాగుతావా" అని పిలిచి కూర్చోబెట్టి ఉంటారు.

నాది సిమెంటు, ఇనుము వ్యాపారం. నీళ్లు తగిలితే సిమెంటు గట్టిపడుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. ఈ రెండు సత్యాల మీదే మా నాయన కొట్టు నడిపాడు, నేనూ నడుపుతున్నాను. అంతకు మించిన వేదాంతం మా ఇంట్లో లేదు.

అందుకే ఇప్పుడు చెప్పబోయేది నా నోటితో చెప్పడం నాకే ఎబ్బెట్టుగా ఉంది. ఇది భయపెట్టే విషయం కాదు. ఇందులో భయం కన్నా అసహ్యమే ఎక్కువ. ఆ అసహ్యం నడుమ, ఇంకా వెలుతురు ఉండగానే, మేం కళ్లారా చూసింది ఒకటి ఉంది. అది మాత్రం నా బుర్రకు ఈరోజుకీ ఎక్కలేదు.

సెల్‌ఫోన్లకు ఇంకా మీటలున్న రోజులు. సిమెంటు కంపెనీలు డీలర్లను విదేశాలు తిప్పడం అప్పుడు జోరుగా ఉండేది. చెప్పినన్ని బస్తాలు అమ్మితే భార్యాభర్తలిద్దరికీ విమానం టికెట్టు. ఆ ఏడు మా పక్కన కాలువ పని పడింది కాబట్టి సిమెంటు దానంతట అదే పోయింది. నేను చేసిందల్లా అడ్డం నిలబడకపోవడం. కంపెనీ వాళ్లు శాలువా కప్పి, దూరాన సముద్రం నడుమ ఒక దీవిలో పెద్ద రిసార్టుకు పంపారు.

నిజానికి నాకు పోవాలని లేదు. నాగరత్న కోసం పోయాను. నాగరత్న నా భార్య. పెళ్లయిన చాలా ఏళ్లకు మాకొక ఆడపిల్ల పుట్టింది. కర్నూలు ఆసుపత్రిలో కొన్ని రోజులే ఉంది. పేరు పెట్టేదాకా రాలేదు. ఒట్టి చేతులతో ఇంటికి వచ్చిన నాటి నుంచి నాగరత్న ఆ బిడ్డ మాట ఎత్తలేదు. ఏడవనూ లేదు. వంట చేసేది, కొట్టుకు క్యారియర్ పంపేది, పలకరిస్తే పలికేది. అంతే. "యాడికన్నా పిల్చకపో నాయనా, గాలి మారితే మనిషి మారతాది" అంది మా అత్త. గాలి మార్చడానికి విమానమే వచ్చింది కదా అని బయలుదేరాం.

కర్నూలు, కడప జిల్లాల డీలర్లం ఒక గుంపుగా పోయాం. అందులో నాకు చనువున్నది కోసిగి డీలరు వీరేశప్పతోనే. పొడుగాటి మనిషి. నుదుటి నిండా విభూతి, నోటి నిండా ఎకసక్కెం. ఒంటరిగా వచ్చాడేమని అడిగితే, "దుడ్లు కంపెనీవైనా పానం నాదే గదా అనింది శెట్టీ, నా పెండ్లాం. నన్ను మాత్రం పోయిరా అనింది. దాన్ని బట్టి అర్థం చేసుకో" అన్నాడు.

రిసార్టు చాలా అందంగా ఉంది. అందులో అబద్ధం చెప్పను. గది ముందు ఇసుక, ఇసుక ముందు సముద్రం. గదిలోకి అడుగుపెట్టగానే నాగరత్న చేసిన మొదటి పని స్నానాల తొట్టి నిండా నీళ్లు పట్టడం. ఆ తర్వాత మగ్గులు, గ్లాసులు, చివరికి పూలకూజా కూడా. మా వీధిలో కొళాయి వచ్చినప్పుడే నీళ్లు పట్టుకోవాలి. తొట్టి ఉన్నది అందుకే అనుకుంది. ఆ నాలుగు రోజులూ ఆ తొట్టిలో మేం స్నానం చేయలేదు. చెంబుతో ముంచుకున్నాం.

అసహ్యం మరుసటి పొద్దున మొదలైంది. కాళ్లకు అంటిన ఇసుక కడుక్కోవడానికి ఎక్కడపడితే అక్కడ మంచినీళ్ల షవర్లు. అవి ఎవరు కట్టేసినా కట్టేయకపోయినా కారుతూనే ఉండేవి. నడిచి నడిచి దారితప్పి వంటశాల వెనక్కి పోతే అక్కడ పనివాళ్ల పాకలు. ఒక్క కొళాయి ముందు ప్లాస్టిక్ బిందెల వరుస. మొహాలు వేరు, భాష వేరు, వరుస మాత్రం అచ్చం మాదే. మమ్మల్ని చూసి ఒక ఉద్యోగి పరుగున వచ్చి, ఇటు చూడటానికి ఏమీ లేదని నవ్వుతూ వెనక్కి తిప్పాడు.

ఆ రిసార్టు గొప్పంతా ఒక మాటలో ఉంది. ఎథికల్. గోడల మీద, గ్లాసుల కింద, తువ్వాళ్ల మీద కూడా అదే. ఇక్కడ జంతువులను హింసించరు, గౌరవిస్తారు అని దాని భావం. వీరేశప్ప అర్థం అడిగితే నా బీకాం ఇంగ్లీషుతో "ధర్మంగా" అని చెప్పాను.

"ధర్మంగా అంటే ఊరికేనా?"

"లేదప్పా, డబుల్ రేటు."

ఏనుగును ఎక్కకూడదు, ధర్మం కాదు. దానికి స్నానం చేయించవచ్చు. ఒక గుంపు వచ్చి బురద పూసి కడిగిపోతే, ఇంకో గుంపు వచ్చి మళ్లీ బురద పూసేది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ ఏనుగుకు ఇదే పని. దాని ముందు కాలికి ఒక పూలదండ చుట్టారు. దండ జారినప్పుడు కింద గొలుసు ఒరుసుకున్న పుండు కనిపించింది, చీము కారుతూ. ఈగలు కూడా పూలవాసనకు వచ్చినవి కావు. మావాళ్లు ఫోటోలు దిగుతుంటే నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

ఆ సాయంత్రమే తాబేళ్లను విడిచిపెట్టే కార్యక్రమం.

మనిషికొక కొబ్బరిచిప్ప ఇచ్చారు. అందులో బొటనవేలంత తాబేలు పిల్ల. చేత్తో తాకకూడదు, చిప్ప ఇసుక మీద వంచితే అదే నడిచి సముద్రంలోకి పోతుంది. వాటిని వదిలే ముందు రిసార్టు మనిషి ఒక సంగతి చెప్పాడు. ఆడ తాబేలు ఎన్ని సముద్రాలు తిరిగినా గుడ్లు పెట్టడానికి మళ్లీ తాను పుట్టిన ఒడ్డుకే వస్తుందట. నాకు అర్థమైనంత మేరకు ఆడవాళ్లకు తెలుగులో చెప్పాను.

"అంటే కాన్పుకు పుట్టింటికొస్తాదన్నమాట" అంది నాగరత్న.

ఆ మాటతో మా గుంపు ఆడవాళ్లంతా వేరే మనుషులైపోయారు. కడపామె ఒకామె, "మరి ఆడబిడ్డను ఉత్త చేతులతో పంపిచ్చేదేందమ్మా, బొట్టన్నా పెట్టల్ల గదా" అంది. ప్రతి సంచిలోనూ పసుపు కుంకుమల పొట్లాలు ఉండనే ఉన్నాయి. మేం తిండికి జాగ్రత్తపడి బియ్యం కూడా తెచ్చుకున్నాం. నాగరత్న గదికి పోయి గుప్పెడు బియ్యానికి పసుపు కలిపి తెచ్చింది. అత్తింటికి పోయే ఆడపిల్లకు ఒడిబియ్యం పోయడం మా వైపు రివాజు. తాబేలుకు ఒడి ఎక్కడుంటుందని ఎవరూ అడగలేదు. దాని ముందర ఇసుక మీద చల్లారు.

నాగరత్న తన తాబేలు వీపు కొంగుతో ఒత్తి, ఉంగరం వేలితో ముందు పసుపు, దాని నడుమ కుంకుమ పెట్టింది. గుండుసూది తలకు కాస్త పెద్దది, అంతే. మిగతావాళ్లూ ఎవరి తాబేలుకు వాళ్లు పెట్టారు. తాకకూడదన్న మనిషి కూడా ఫోటో బాగా వస్తుందని ఊరుకున్నాడు. తర్వాత చిప్పలు వంచారు. అవి తడబడుతూ, బోర్లాపడుతూ, మొదటి అలలోకి పోయాయి.

"పోయిరామ్మా" అంది నాగరత్న. అంత మెత్తగా ఆమె మాట్లాడటం విని చాలా కాలమైంది.

ఆ సాయంత్రం గదిలో ఆమె ఏడ్చింది. బిడ్డ పోయాక అదే మొదటిసారి. నేను నీళ్లతొట్టి అంచు మీద కూర్చున్నాను, అంతకన్నా పనికొచ్చే పని తెలియక. ఆ బిడ్డకు తాను అనుకున్న పేరు కూడా అప్పుడే చెప్పింది. అది ఇక్కడ రాయను. "ఈపొద్దు పంపిచ్చినట్టుండాది" అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది. కంపెనీకి మనసులోనే దండం పెట్టుకున్నాను.

మరుసటి సాయంత్రం మాకు వేరే పని లేదు. ఊరికే ఆ ఒడ్డునే కూర్చుందామని నాగరత్న అంటే నేనూ వీరేశప్పా కూడా పోయాం. ఆరోజు తెల్లదొరల గుంపు వచ్చింది. పనివాడు తాబేళ్ల బకెట్టు తెచ్చి కింద పెట్టాడు, చిప్పల కోసం వెనక్కి పోయాడు. నాగరత్న సరదాగా బకెట్టులోకి తొంగిచూసింది.

తర్వాత నన్ను పిలిచింది. గట్టిగా కాదు. "ఇదో, ఇట్లా రాండి" అంది.

ఆ పిల్లల్లో ఒకదాని వీపు మీద బొట్టు ఉంది. చుట్టూ పసుపు, నడుమ కుంకుమ. నాగరత్న పెట్టినట్టే, కొంచెం ఎడమకు ఒరిగి.

మొదట నాకు తట్టింది మోసం. ఒడ్డుకు రెండు పక్కలా రాళ్లు సముద్రంలోకి పొడుచుకొని ఉన్నాయి. వాటి నడుమ నీళ్లలో సన్నటి వల కట్టి ఉంది. ఒక కొన రాయికి కట్టిన తాడు నాకు కనిపించనే కనిపించింది. అతిథులు చప్పట్లు కొట్టి భోజనానికి పోగానే వల లాగి పిల్లలన్నిటినీ మళ్లీ బకెట్టుకు ఎత్తుతారు. రోజూ అవే తాబేళ్లు, రోజూ కొత్త చప్పట్లు. మా జిల్లాలో బెయిలు మీద బయటికొచ్చి సాయంత్రానికే మళ్లీ లోపలికి పోయినవాళ్లను చూశాను గానీ, తాబేళ్లకూ అదే గతి అని నాకు తెలియదు.

రెండో సంగతి కొంచెం ఆలస్యంగా తట్టింది. అది కుంకుమ. ఉత్త పొడి కుంకుమ. అలల్లో, వలలో, బకెట్టు నీళ్లలో ఒక రాత్రీ ఒక పగలూ తిరిగిన తాబేలు వీపు మీద అది ఎలా ఉంది? మిగతా ఆడవాళ్లు పెట్టిన బొట్లు ఒక్కటీ లేవు. బకెట్టు అంతా వెతికాను. నేను వేలితో రుద్ది చూశాను. వేలికి ఏమీ అంటలేదు. బొట్టు చెదరలేదు.

వీరేశప్ప వంగి చూసి, తనూ వేలితో రుద్ది, ఆ వేలును ఎండకు పట్టి చూసుకున్నాడు. ఎకసక్కెం లేకుండా ఆయన్ను నేను చూసింది అదొక్కసారే.

నాగరత్నకు ఈ పరిశోధనలేవీ పట్టలేదు. "పోలేదు. మళ్లా పట్టకొచ్చినారు" అంటోంది. ఆమె మొహం ఆసుపత్రి నుంచి వచ్చిన నాటి మొహంలా అయిపోతూంది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

మేం బకెట్టు చుట్టూ చేరడం చూసి మేనేజరు వచ్చాడు. తెల్లటి బట్టలు, తెల్లటి నవ్వు. బొట్టు చూడగానే నవ్వు పోయింది. వలను గురించి అడిగాను. అది సొరచేపలు రాకుండా కట్టిందన్నాడు. బొటనవేలంత పిల్లలు ఆగే వలలో సొరచేప ఎట్లా పడుతుందని అడగడానికి నా ఇంగ్లీషు చాలలేదు. ఆయన మాత్రం నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. వన్యప్రాణికి రంగు పూయడం హింస అట. అది మా నియమాలకు విరుద్ధం అట. మీరు చేసింది ఎథికల్ కాదు అట.

ఏనుగు కాలి పుండు చూసిన కళ్లతోనే ఆ మనిషి మొహం చూస్తూ నిలబడ్డాను.

ఆయన తాబేలును తీసుకొని వెనకున్న షెడ్డులోకి పోయాడు. మేం ముగ్గురం వెంట పోయాం. ఆ షెడ్డు వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వరుసగా సిమెంటు తొట్లు. పచ్చగా, జిగటగా మారిన నీళ్లు, అడుగున కుళ్లిన చేపముక్కలు. వాటిలో వందల పిల్లలు ఒకదాని మీద ఒకటి. ఆకలికి ఒకదాని తెడ్డుకాళ్లు ఒకటి కొరుక్కున్నాయి. కొన్నిటి కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి, కొన్నిటి వీపు మీద తెల్లటి బూజు. చచ్చినవి పైకి తేలి, బతికినవాటికి అడ్డంపడుతున్నాయి. నాగరత్న కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకోలేదు. చూస్తూనే ఉంది.

మేనేజరు బ్రష్షుతో, సబ్బుతో రుద్దాడు. పోలేదు. ఏదో సీసాలో మందు దూదికి తడిపి తుడిచాడు. దూది తెల్లగానే ఉంది. బొట్టు ఎర్రగానే ఉంది. ఇది పెయింటు, అబద్ధం చెబుతున్నారు అన్నాడు. ఆ పిల్ల కాళ్లు వేలాడేసింది. అప్పుడాయన పనివాడి చేతిలో దాన్ని పెట్టి గుమ్మం పక్కనున్న చెత్తడ్రమ్ము చూపించాడు. గుర్తున్న తాబేలును రేపు కూడా జనం గుర్తుపడతారు. అది ఇక పనికిరాదు.

"నాకియ్యమనండి" అంది నాగరత్న నాతో.

అడిగాను. వన్యప్రాణులను అతిథుల చేతికి ఇవ్వడం నియమాలకు విరుద్ధం అన్నాడు. చెత్తలో వేయడానికి మాత్రం ఏ నియమమూ అడ్డం రాలేదు.

అప్పుడు వీరేశప్ప ముందుకు వచ్చి మేనేజరు భుజం మీద చెయ్యేశాడు. "సార్. దిస్ ట్యాంక్. వాట్ సిమెంట్?" అన్నాడు. మేనేజరు తెల్లబోయాడు. వీరేశప్ప ఆయన్ను తొట్టి దగ్గరికి నడిపించి, పగుళ్లు చూపించి, గోరుతో గీకి, నాలుకకు తాకించి, "సార్, సాల్ట్ వాటర్, వెరీ బ్యాడ్, ఆల్ లీక్" అని మొదలుపెట్టాడు. ఇంగ్లీషు అయిపోయినప్పుడు కోసిగి భాషలోకి దిగాడు. "ఇట్ల కడతారేమప్పా యాడన్నా? పూతకు ఇసుక కడిగినారా మీరు? నీ తొట్టి ఇయ్యాల గాకుంటే రేపు కూలతాది సూడు." మేనేజరుకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, కూలుతుందన్న సంగతి మాత్రం చేతుల సైగలతో బాగా అర్థమైంది. వంగి చూశాడు.

నాగరత్న పనివాడి ముందుకు పోయి కొంగు పట్టింది. ఆ మనిషి ఒకసారి మేనేజరు వీపు చూశాడు, ఒకసారి ఆమె మొహం చూశాడు. తాబేలును ఆమె ఒడిలో వేసి డ్రమ్ము మీద మూత చప్పుడయ్యేలా పెట్టాడు.

మేం ఇద్దరం మామూలుగా నడిచి బయటికి వచ్చాం. మామూలుగా నడవడం నా జీవితంలో ఎప్పుడూ నాకు అంత కష్టం కాలేదు.

ఇంకా పొద్దు ఉంది. రాళ్లు దాటి, వల కట్టిన తాడు దాటి, అవతలి పక్కకు పోయాం. అక్కడ అలంకారమేమీ లేదు. నల్లటి రాళ్లు, నాచు, అడ్డులేని సముద్రం. కుచ్చిళ్లు పైకి దోపుకొని నాగరత్న మోకాళ్లలోతు నీళ్లలోకి దిగింది. నేనూ దిగాను. ఈత రాదు కాబట్టి ఆమె కొంగు పట్టుకున్నాను, ఎవరు ఎవరిని కాపాడాలన్నది చర్చించకుండా.

ఒడి విప్పింది. తాబేలు కదులుతోంది. బొట్టు అలాగే ఉంది. ఆ చీర లేత పసుపుపచ్చ. దాని మీద తడి ఉంది గానీ ఎరుపు మరక ఒక్కటి లేదు.

"ఇంగెవరూ పట్టరులే తల్లీ, పో" అని నీళ్లకు ఆనించి చెయ్యి తీసింది.

ఒక అల వచ్చింది. పెద్దది కూడా కాదు. ఆ అల తాబేలు మీదుగా పోయింది. ఆ క్షణంలో బొట్టు కరిగింది. నేను అడుగు దూరంలో ఉన్నాను, సూర్యుడు నా వెనక ఉన్నాడు, చూపులో పొరపాటుకు వీలు లేదు. పసుపు ముందు, కుంకుమ తర్వాత, దారపు పోగులా నీళ్లలో ఎర్రగా సాగి కలిసిపోయింది. తాబేలు వీపు నల్లగా, శుభ్రంగా, ఎవరూ ఎప్పుడూ ఏమీ పెట్టనట్టు ఉంది. అది తల ఒకసారి పైకెత్తి లోపలికి పోయింది.

మళ్లీ కనిపించలేదు. మేం చీకటి పడేదాకా నిలబడ్డాం.

ఇంటికి వచ్చాక నేను ఊరుకోలేదు. అదే పొట్లంలోని కుంకుమ తీసి, పాలిష్ పట్టిన బండ మీద పెట్టి, ఉప్పు కలిపిన నీళ్లలో ముంచాను. ముంచగానే పోయింది. గరుకు బండ మీద పెట్టాను, పోయింది. నూనె రాసి పెట్టాను, మరక మిగిలింది గానీ వేలితో రుద్దితే వేలికి అంటింది. మా వీధి చివర సైన్సు మాస్టారిని అడిగితే తాబేలు వీపులో ఏవో జిగురు పదార్థాలు ఉండవచ్చునన్నాడు. ఉండవచ్చు. మరి మిగతా తాబేళ్లకు ఆ జిగురు లేదా, ఆ ఒక్క అలకు జిగురు ఎక్కడికి పోయింది అంటే ఆయన టీ తెప్పించాడు.

వీరేశప్పకు ఫోన్ చేశాను. నువ్వూ చూశావు కదా, నేను కల కనలేదు కదా అని అడిగాను. "షెడ్డులో పోలేదని సూసినా శెట్టీ. ఒట్టేయమంటే ఏస్తా. ఎట్లని మాత్రం అడగద్దు, నాకు ఉన్న కొంచెం బుద్ధి ఆ తొట్టికాడనే అయిపాయ" అన్నాడు.

నాగరత్నను అడిగాను. ఆమె చేటలో బియ్యం చెరుగుతూ, తల ఎత్తకుండా, "అప్పగింతలు కాకుండా బొట్టు యాడికి పోతాది?" అంది. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు.

ఇది చదివినవాళ్లు తర్వాత మాకు పిల్లలు పుట్టారా అని అడుగుతారని తెలుసు. ఆ లెక్క దీనిలో కలపను. ఒక్క మాట చెప్పగలను. నాగరత్న ఇప్పుడు ఆ బిడ్డ గురించి మాట్లాడుతుంది, పేరు పెట్టి మాట్లాడుతుంది.

మరుసటి ఏడు కూడా టార్గెట్ చేరింది. ఈసారి ఇంకో దీవి, నీళ్లలో డాల్ఫిన్లతో ఆట అన్నారు. అదీ ఎథికలే. నేను ఇంట్లో చెబితే నాగరత్న ఒక క్షణం ఆలోచించి, "వాటికి గూడ బొట్లు పెట్టాలంటే నా కుంకుమ చాలదు, వద్దులే" అంది. కంపెనీకి రాలేమని చెప్పేశాను.

దెయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. అక్కడ నేను చూసినవాటిలో నన్ను నిద్రలో లేపేది ఆ బొట్టు కాదు, ఆ తొట్లు. వాటికి కారణం నాకు బాగా తెలుసు, చెప్పగలను కూడా. బొట్టుకు మాత్రం చెప్పలేను. వల లోపల ఉన్నవీ, వల బయట ఉన్నవీ ఒకే సముద్రం నీళ్లు. లోపల అంతసేపు పోని కుంకుమ బయట ఒక్క అలకు ఎలా పోయిందో, ఎన్నిసార్లు బండ మీద పెట్టి ముంచి చూసినా, నాకు తెలియలేదు.